పెట్టె దిగిన తర్వాతి కథ

గల్ఫ్ మీద తెలుగులో వచ్చిన కథలు, పాటలు, కవితలు ఒకచోట కుప్పబోసుకుని చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామటుకు అవి ఎయిర్‌పోర్టు దగ్గరే ఆగిపోతాయి. ఒకప్పుడు బొంబాయి, ఆ తర్వాత బేగంపేట, 2008 మార్చి నుంచి షంషాబాద్. ఊరి పేరు మారింది, ముగింపు మారలేదు. పెట్టె దిగుతుంది. తల్లి గుండెలు బాదుకుంటుంది. భార్య సొమ్మసిల్లి పడిపోతుంది. చిన్నపిల్లవాడు అబ్బా నాకేం తెచ్చిండని అడుగుతాడు. అంతే, కథ అయిపోతుంది. కొసమెరుపు బాగుందని విమర్శకుడు మెచ్చుకుంటాడు. పాఠకుడు కళ్లు తుడుచుకుని పేజీ తిప్పుతాడు.

నా పేచీ ఇక్కడే. ఆ ఇంటివాళ్లకి అసలు దుఃఖం మొదలయ్యేది ఆ పేజీ తిప్పిన తర్వాత. మూడో రోజు, పదో రోజు, నలభయ్యో రోజు. పుర్సాకొచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయాక వంటింట్లో ఒక్కతే మిగిలిపోయే మధ్యాహ్నం. ఈ రోజుల్ని తెలుగు కథ ఎందుకు పట్టించుకోలేదు? మన బతుకుల్ని మనమే రాసుకుంటామని కలం పట్టిన ముస్లిం రచయితలకైనా ఈ రోజులు ఎందుకు కనపడలేదు? కథల ఎంపికకో, శిల్పానికో సంబంధించిన చిన్న లోటుగా దీన్ని తీసిపారేయడానికి లేదు. చనిపోయినవాడు పనికొచ్చినట్టుగా బతికున్నవాళ్లు సాహిత్యానికి పనికిరావడం లేదు.

పుర్సా అనే మాట చాలామంది తెలుగు పాఠకులకి తెలియకపోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉర్దూ ఇళ్లలో చావు జరిగిన చోటికి వెళ్లి పలకరించడాన్ని పుర్సా ఇవ్వడం అంటారు. ఇవ్వడం అన్నమాట గమనించండి. తెలుగులో పరామర్శ 'చేస్తారు', పుర్సా 'ఇస్తారు'. అది తీసుకునేవాళ్లది. తెలుగులో ఉన్న రెండు మాటలూ మన కళ్లముందే చెడిపోయాయి. పరామర్శ ఎప్పుడో పేపర్లో ఫొటో కింద రాసే మాటగా మారింది. ఓదార్పు 2010లో ఒక రాజకీయ యాత్రకి పేరైంది. ఇప్పుడు ఆ మాట వింటే జనానికి గుర్తొచ్చేది కన్నీళ్లు తుడిచే చెయ్యి కాదు, కాన్వాయి.

షంషాబాద్ సంగతికి వద్దాం. పైగా అమీరుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు మీదుగా ఆ ఊరికి ఆ పేరొచ్చిందంటారు. షమ్స్ అంటే సూర్యుడు. దాదాపు అయిదున్నర వేల ఎకరాల్లో అక్కడ విమానాశ్రయం కట్టారు. కట్టిన నాటినుంచి అది ఉత్తర తెలంగాణకి వాకిలి అయింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెలనుంచి కూలికి పోయేవాడు ముందు వాకిలినుంచి ఎక్కుతాడు. ఖర్మ కాలితే కార్గో వైపునుంచి దిగుతాడు. అందులో ముస్లింలెంతమందో, బీసీలూ దళితులూ అంతకంటే ఎక్కువమందే. పెట్టెకి కులం మతం లేవు. ఇంటికి చేరాక ఉంటాయి.

ఆ పెట్టె ఎట్లా వస్తుందో కూడా మన కథలు చెప్పవు. అక్కడ మనిషి చనిపోతే శవం ఆస్పత్రి మార్చురీకి పోతుంది. అక్కణ్నుంచి కాయితాలు మొదలు. ఆస్పత్రి రిపోర్టు, పోలీసుల కాయితం, కఫీల్ ఒప్పుకోలు, పాస్‌పోర్టు రద్దు, మన ఎంబసీ నిరభ్యంతర పత్రం, శవం చెడిపోకుండా మందు ఎక్కించినట్టు సర్టిఫికెట్, చివరికి విమానంలో సామాను కింద బుకింగు. అన్నీ సవ్యంగా జరిగినా రోజులు పడుతుంది. కఫీల్ మొండికేసినా, పోలీసు కేసున్నా, మనిషి 'ఖల్లివెల్లి' అయి అంటే యజమానిని విడిచి దొంగచాటుగా పని చేసుకుంటున్నా నెలలు పడుతుంది. ఈ రోజులన్నీ ఇంటి దగ్గర ఏమని పిలవాలి? చావు తెలిసింది, మయ్యత్ రాలేదు. ఏడవొచ్చు, పాతిపెట్టడానికి లేదు. పొయ్యి వెలిగించాలా వద్దా? పిల్లల్ని బడికి పంపాలా వద్దా? సందేహాలన్నీ చిన్నవే, కానీ రోజంతా అవే.

మన దీన్‌లో, మన రివాజుల్లో దుఃఖానికి చాలా మంచి కట్టడి ఉంది. ఈ మాట నేను భక్తితో అనడం లేదు, లెక్కతో అంటున్నాను. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగనీయకుండా ఇరుగుపొరుగు అన్నం పంపాలి. ప్రవక్త తన బంధువు జాఫర్ యుద్ధంలో చనిపోయినప్పుడు ఆ ఇంటికి వండి పంపమన్నాడని హదీసు. సాటివాళ్లు గుసుల్ చేయించాలి, కఫన్ చుట్టాలి, డోలా మోయాలి. ముక్కూమొహం తెలియనివాడైనా నాలుగడుగులు భుజం పట్టాలి. మూడో రోజు జియారత్, పదో రోజు దస్వా, నలభయ్యో రోజు చహ్లుం, ఏడాదికి బర్సీ. భార్యకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, అంటే చాంద్రమానంలో దాదాపు 128 రోజులు. ఎవరు ఎప్పుడు రావాలో, ఏం మోయాలో, ఎప్పుడు వెళ్లిపోవాలో ముందే రాసిపెట్టి ఉంది. మనిషికి తోచనప్పుడు చేతులకి పని చెప్పే ఏర్పాటు ఇది.

అయితే ఈ ఏర్పాటు మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది. మయ్యత్ ఇంట్లో ఉండాలి. పెట్టె దగ్గరికి వచ్చేసరికి ప్రతి మెట్టూ విరుగుతుంది. మందు ఎక్కించి, మేకులు బిగించి, పదిహేను రోజులనాటి శవం వస్తే గుసుల్ ఎట్లా? పెట్టె విప్పాలా, వద్దా? మొహం చూపించాలా, వద్దా? తల్లి చూస్తానంటుంది. పెద్దమనుషులు వద్దంటారు. ఇమాం కితాబు తీస్తాడు. చూడనిస్తే ఆ మొహం జీవితాంతం వెంటాడుతుంది. చూడనివ్వకపోతే పెట్టెలో ఉన్నది తన కొడుకేనా అన్న అనుమానం జీవితాంతం వెంటాడుతుంది. ఈ తీర్పు చెప్పాల్సింది ఎవరు? పెద్దమనుషులా, తల్లా? ఈ ఒక్క ఘట్టం మీదే ఒక నవల రాయొచ్చు. మన కథకులకి పెట్టె మూత మీద పడ్డ కన్నీటి చుక్క చాలు.

ఇద్దత్ లెక్క చూడండి. అది చావు జరిగిన రోజునుంచే మొదలవుతుందని మన ఫిఖా పండితుల్లో అత్యధికుల మాట. కబురు ఆలస్యంగా అందితే మిగిలిన రోజులే ఇద్దత్. నాలుగు నెలల పది రోజులు దాటాక కబురందితే అసలు కూర్చోనక్కర్లేదు. న్యాయం ప్రకారం ఇది ఆడమనిషికి వెసులుబాటే, కాదనను. కానీ మనసు గడియారం ఫోను మోగిన క్షణంనుంచి తిరుగుతుంది. షరియత్ గడియారం ఆగిపోయిన రోజుకి ఆమె గడియారం ఇంకా సగం కూడా తిరగదు. ఈ రెండు గడియారాల మధ్య ఆమె ఎక్కడ ఉంటుంది?

కొందరికి పెట్టె కూడా రాదు. అక్కడే ఖననం చేయడానికి ఒప్పుకుంటున్నాం అని ఇంటినుంచి సంతకం పంపిస్తారు. పంపించడానికి కారణాలు చాలా. నెలల తరబడి మార్చురీలో ఉంచడం పాపమని ఒకరు, సౌదీ మట్టి దక్కడం అదృష్టమని ఒకరు. ఆ మాట వట్టి సర్దుబాటు అని కొట్టిపారేయలేను. నమ్మినవాళ్లకి అది నిజమైన ఊరట. కానీ ఆ సంతకం పెట్టిన చెయ్యి చాలాసార్లు భార్యదో తల్లిదో. మరో చిక్కు కూడా ఉంది. శవం ఎదురుగా లేకుండా చేసే గాయిబానా జనాజా నమాజ్‌ని హనఫీలు ఒప్పుకోరు. అబిసీనియా రాజు నజాషీకి ప్రవక్త చేశాడు కదా అని షాఫయీలు, హంబలీలు, అహ్లె హదీసు వాళ్లు ఒప్పుకుంటారు. మన దగ్గర ఎక్కువమంది హనఫీలు. అంటే చాలా ఊళ్లలో ఆ మనిషికోసం నలుగురూ వరసలో నిలబడ్డ పూట కూడా ఉండదు. పాలిన్ బాస్ అనే అమెరికన్ పండితురాలు ఇట్లాంటి నష్టాన్ని గురించి 1999లో పుస్తకమే రాసింది. మనిషి పోయాడని తెలుసు, ఆనవాలు లేదు. తలుపు మూసుకోదు, తెరుచుకోదు. యుద్ధంలో తప్పిపోయిన సైనికుల ఇళ్లను చూసి ఆమె ఈ ఆలోచన మొదలుపెట్టింది. మన జగిత్యాల ఇళ్లను చూసినా అదే రాసేది.

2025 నవంబర్ 17న ఇదంతా తలకిందులైంది. ఉమ్రాకి పోయిన హైదరాబాదీల బస్సు మక్కానుంచి మదీనాకి వెళ్తూ ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. ఒక్క మనిషి బయటపడ్డాడు. ఒక్కో ఇంట్లో పలువురు పోయారు. ఈసారి పెట్టెలు షంషాబాద్‌కి రాలేదు. ఇంటివాళ్లే షంషాబాద్‌నుంచి ఎక్కి మదీనాకి పోయారు. జన్నతుల్ బఖీలో ఖననం జరిగింది. ఆ ఖబరస్తాన్‌లో చోటు దక్కాలని ఎంతమంది ముస్లింలు జీవితాంతం దువా చేస్తారో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో నగరంలో ప్రతి నోటా ఒకటే మాట: షహీద్ అయ్యారు, ఖుష్‌నసీబులు. నిజమే. ఆ మాటకున్న బలాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే మాట ఒకటికి పదిసార్లు వినిపిస్తే, ఖుష్‌నసీబుల ఇంటివాళ్లు ఏడవడానికి వీల్లేకుండా పోతుంది. ఇంత అదృష్టం జరిగితే ఏడుస్తావేం అన్నట్టు అవుతుంది. ఓదార్చే మాటే నోరు మూయించే మాటగా ఎప్పుడు మారుతుందో కనిపెట్టడం సాహిత్యం పని. మౌల్వీ పని కాదు, టీవీ పని అసలే కాదు.

మన సాహిత్యం ఆ పని ఎందుకు చేయలేకపోయింది? నాకు తోచింది చెబుతాను.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. 2004లో 'వతన్' కథలు వచ్చాయి. తెలుగులో ముస్లిం గొంతు అంటూ ఒకటి ఉందని లోకానికి చెప్పింది ఈ వరసే. కానీ ఆ గొంతు ఎదిగిన సందర్భం అట్లాంటిది. ముందు మసీదు కూలింది, ఆ వెనకాలే అనుమానాలు, అరెస్టులు. నిలదీయడం తప్పనిసరైంది. దుఃఖం వచ్చినప్పుడల్లా దాన్ని వెంటనే ఆగ్రహంగా మార్చుకోవడం అలవాటైంది. కవితలో చనిపోయినవాడు ఒక మనిషిగా కంటే ఒక సాక్ష్యంగా పనికొచ్చాడు. సాక్ష్యానికి భార్య ఉండదు, నలభయ్యో రోజు ఉండదు. పాముకాటుకో, గుండెపోటుకో, ముసలితనానికో పోయిన ముస్లిం మన కవిత్వంలో ఎంతమంది? మామూలు చావు చచ్చే హక్కు కూడా మనకి లేదా?

అటుపక్క అగ్రవర్ణ సాహిత్యంలో స్మృతికావ్యం అని ఒక పీటే ఉంది. భార్య పోతే విశ్వనాథ 'వరలక్ష్మీ త్రిశతి' రాసుకున్నాడు. ఆ పద్యాల్లో ఏ సమాజమూ, ఏ వాదమూ లేకపోయినా ఎవరూ అడగలేదు. ఒక మగవాడు తన భార్యకోసం ఏడ్చాడు, అంతే. ఆ వెసులుబాటు మనకెందుకు లేదని అడగడం కూడా అస్తిత్వ ప్రశ్నే. జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో పాడితే ఊళ్లకూళ్లు కంటతడి పెట్టాయి. అంటే అంటరానివాడు రాసినా చావు మీద రాసింది జనం తీసుకున్నారు. దారి మూసి లేదు. నడిచినవాళ్లు తక్కువ.

2005లో షాజహానా 'నఖాబ్' వచ్చాక ఇంటి లోపలి గది కొంచెం తెరుచుకుంది. ఆడవాళ్లు రాయడం మొదలుపెడితేనే ఈ దుఃఖం సాహిత్యంలోకి వస్తుందని నా నమ్మకం. ఎందుకంటే ఖబరస్తాన్ దాకా పోయి మట్టి వేసి వచ్చేది మగవాళ్లు. మన దగ్గర రివాజు ప్రకారం ఆడవాళ్లు గడపదాకే. మగవాడి కథ మట్టి వేయడంతో ముగియడంలో ఆశ్చర్యమేముంది? అతని పాత్ర అక్కడికే. మిగతా 127 రోజులు ఎవరు చూశారు?

మరొక చిక్కు భాష. పట్నంలో ఉర్దూ ఇంటి ఆడవాళ్లు బైన్ చేస్తూ ఏడుస్తారు. పల్లెలో ముస్లిం తల్లి సగం ఉర్దూ, సగం తెలుగు శోకం పెడుతుంది. దూదేకుల ఇంట్లో పూర్తిగా తెలుగే. పక్కింటి గొల్లామె రాగం తీసినట్టే రాగం తీస్తుంది. ఇన్ని రకాల ఏడుపుల్ని అచ్చులో పెట్టాల్సి వచ్చేసరికి రచయిత అందర్నీ ఒకే శిష్ట తెలుగులో ఏడిపిస్తాడు, మధ్యలో ఒక 'యా అల్లా' వేస్తాడు. అది ముస్లిం పాత్ర అయిపోయిందనుకుంటాడు. నాకు అది వినపడదు.

తెలుగులో మర్సియా లేదని కొందరంటారు. కులీకుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు రాసిన నేల ఇది. పల్లెల్లో పీర్ల పండగకి అలావా చుట్టూ తిరుగుతూ పాడేది తెలుగులోనే, పాడేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. ఎప్పుడో కర్బలాలో చనిపోయిన హుసేన్‌కోసం ఒక తెలుగు పల్లె యేటా పది రోజులు దుఃఖం పాటిస్తుంది. హుసేన్ చెల్లెలు జైనబ్ చెరలో ఉండి కూడా ఆడవాళ్లని కూర్చోబెట్టి జరిగింది చెప్పి ఏడిపించిందని, మజ్లిస్ అట్లా పుట్టిందని చెబుతారు. జరిగింది మొదటినుంచి చెప్పడం, నలుగురు వినడం, కలిసి ఏడవడం. ఇవాళ పెద్ద చదువులు చదివిన కౌన్సెలర్లు చేయించేది కూడా దాదాపు ఇదే.

ఇప్పుడు ఇవన్నీ బిద్అత్ అనేవాళ్లు పల్లెలకి చేరారు. పీర్లు వద్దు, జియారత్ వద్దు, చహ్లుం వద్దు. మూడు రోజులకి మించి దుఃఖం పాటించొద్దు, భార్యకి తప్ప. వాళ్ల వాదనలో సగం నాకు సమ్మతమే. చహ్లుం పేరు మీద వందమందికి బిర్యానీ పెట్టి పోయినవాడి వీసా అప్పు మీద ఇంకో అప్పు చేయించే రివాజు పోవాల్సిందే. కానీ దేగ్‌తోపాటు మనుషుల్ని కూడా పంపించేశారు. భోజనం మానేశారు సరే, నలభయ్యో రోజు ఆ ఇంటి తలుపు తట్టడం ఎందుకు మానేయాలి? మూడు రోజులు అని గట్టిగా చెప్పేవాళ్లు, ఖదీజా, అబూతాలిబ్ పోయిన ఏడాదికి ఇస్లాం చరిత్రలో దుఃఖ సంవత్సరం అని పేరుందని మాత్రం మెల్లిగా కూడా చెప్పరు. పసికొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త కన్నీళ్లు పెట్టుకున్నాడన్నదీ హదీసే. వైద్యులు కూడా ఈ మధ్యే లెక్కలు కట్టారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో ఏడాది దాటినా మనిషిని కదలనీయని దుఃఖాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలంది. మూడు రోజులు, 128 రోజులు, ఆరు నెలలు, ఏడాది. ఎవరి కొలత వాళ్లది. మా పల్లెలో కొలిచేదెవరు?

సర్కారు కొలిచేది రూపాయల్లో. విదేశాలకి పోయే కూలీలకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ప్రమాదంలో పోతే 10 లక్షలు. గుండె ఆగి పోతే ఆ 10 లక్షలు లేవు. ఎడారి ఎండలో పనిచేసి రాత్రి నిద్రలో పోయినవాడి కాయితం మీద గుండె ఆగిందనే రాస్తారు. విజిట్ వీసా మీద పోయినవాడికి అసలు బీమానే లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ప్రకటించింది. మంచిదే. ఏళ్ల తరబడి గల్ఫ్ కుటుంబాలు అడిగి అడిగి తెచ్చుకున్నది. మనసు బాగోలేదంటే 14416కి ఫోన్ చేయమని 2022 అక్టోబర్‌లో కేంద్రం టెలీ మానస్ పెట్టింది, తెలుగులో మాట్లాడతారు. అదీ మంచిదే. కానీ పెట్టె దిగిన రాత్రి ఆ నంబర్ ఆ కుటుంబానికి చెప్పేదెవరు? కార్గో బయట అంబులెన్స్ పక్కన నిలబడ్డ మనిషికి కావాల్సినవి పెద్దవి కావు. కూర్చోను ఒక గది. వజూకి నీళ్లు. అతని భాషలో, అది తెలుగైనా ఉర్దూ అయినా, ఏ కాయితం ఎందుకో చెప్పే ఒక మనిషి. హాజీలు పోయేటప్పుడు అదే ఎయిర్‌పోర్టులో ఎన్నో ఏర్పాట్లు చేయగలుగుతున్నాం కదా.

ఈ లోగా జనం తమ ఏర్పాటు తాము చేసుకుంటున్నారు. షంషాబాద్ దాటి బెంగుళూరు రోడ్డు మీద కొత్తూరు వైపు పోతే ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. కందూరు చేసే బలగాలమధ్య, ఒక గోడ వారన, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న ఆడవాళ్లు అక్కడ కనిపిస్తారు. బొట్టు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, బురఖావాళ్లు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఎప్పుడు పోతావని కూడా అడగరు. దర్గాల్ని వెక్కిరించే హేతువాదులూ, దర్గాలు షిర్క్ అనే మతవాదులూ ఆ గోడకి బదులు ఏం ఇస్తారో చెప్పాలి.

నాకొక కథ చదవాలనుంది. అది పెట్టె దిగిన రోజున మొదలవ్వొద్దు. ఇద్దత్ అయిపోయిన మర్నాడు మొదలవ్వాలి. ఆమె మొదటిసారి గడప దాటి బ్యాంకుకి పోతుంది. ఖాతా అతని పేరు మీద ఉంది. మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. ఉన్నది అరబీలో ఉంది. ఊళ్లో అరబీ వచ్చినవాడు మసీదు ఇమాం ఒక్కడే. ఆమె తలుపు చాటున నిలబడి కాయితం లోపలికి పంపిస్తుంది. ఇమాం కళ్లజోడు పెట్టుకుంటాడు. ఆయనకి ఖురాన్ అరబీ వచ్చు, ఆస్పత్రి అరబీ రాదు. తారీఖు ఒక్కటి మాత్రం చదవగలుగుతాడు. అది ఇంట్లోవాళ్లకి ఫోన్లో చెప్పిన తారీఖు కాదు. అంతకి తొమ్మిది రోజుల ముందుది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. ఆమె ఇద్దత్ తొమ్మిది రోజుల కిందటే అయిపోయింది. ఆ తొమ్మిది రోజులు అతను పోయాడని తెలియక ఆమె అతని ఫోనుకి వాయిస్ మెసేజ్‌లు పంపుతూనే ఉంది. తలుపు అవతల ఆమె అడుగుతుంది: ఏం రాసుందీ హజ్రత్?